వెనక్కి నడవొద్దు

కూబర్ పీడీలో చర్చి భూమి కింద ఉంటుంది.
పైన నలభై ఏడు డిగ్రీలు.
కింద, యంత్రం గీరిన ఎర్రరాతి గోడల మధ్య
కొత్తకుండ నీళ్ళంత చల్లదనం.
ఇక్కడ మంట పైనుంది, దేవుడు కిందున్నాడు.
ఏలీషమ్మ టీచరుకి ఈ సంగతి ఎవరు చెప్తారు?

సండే స్కూల్లో ఆమె కొవ్వొత్తి వెలిగించి
మా చూపుడువేళ్ళు మంట మీద పెట్టమనేది.
ఒకటి, రెండు, మూడు...
నాలుగు దాటినవాళ్ళు లేరు.
"నాలుక్కే ఇట్లా ఏడిస్తే
లెక్కే లేని చోట ఏం చేస్తారే?" అనేది.
ఆ వేలితోనే ఇప్పుడు
రోగుల నాడి చూస్తున్నాను.

మూడో నంబరు మంచం డ్రాగుటిన్‌ది.
ఊపిరితిత్తుల నిండా యాభై ఏళ్ళ గని దుమ్ము.
పాస్టరు గారొస్తే గోడవైపు తిరిగి పడుకుంటాడు.
రాత్రి రెండింటికి
ఆక్సిజన్ గొట్టం పక్కకి లాగి అడిగాడు:
"నీ మెళ్ళో సిలువ ఉంది, నీకు తెలిసుండాలి.
ఒకడు గొయ్యి తవ్వాడనుకో..."

తవ్వింది అతనే. ఓపల్ రాళ్ళ కోసం, తొంభై అడుగులు.
రాయి దొరకలేదు.
బోర్డు పెట్టలేదు, రేకైనా అడ్డం వెయ్యలేదు.
ఆ సాయంత్రం భాగస్తుడు మిర్కో
కొత్త కెమెరాలో పొద్దుగూకడం పట్టాలని
వెనక్కి, ఇంకొంచెం వెనక్కి నడిచాడు.

"నేను తొయ్యలేదు. వాడి కాళ్ళు, వాడి ఇష్టం.
కానీ గొయ్యి ఎక్కడుందో నాకు తెలుసు.
వాడు నడుస్తుంటే చూస్తున్నాను.
నోరు తెరిచేసరికి, వాడున్న చోట ఆకాశం.
ఊళ్ళో ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, సిస్టర్.
నేనే పట్టుకున్నాను.
మరి మీ దేవుడు?
గొయ్యి తెలుసు, కాళ్ళు తెలుసు,
ఏ అడుగో కూడా ముందే తెలుసు.
ఆయన రాత్రిళ్ళు నిద్రపోతాడా?"

నాకు జవాబులు వచ్చు. బట్టీపట్టినవే.
స్వేచ్ఛ లేనిది ప్రేమ కాదు, తోలుబొమ్మాట అని ఒకటి.
అంతా ఆయన చిత్తం, మన బుర్రకందదని ఇంకొకటి.
నాలుక చివరిదాకా వచ్చాయి,
ఆర్పిన కొవ్వొత్తి వాసన వేశాయి.
సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను.
నాలుగు దగ్గర ఆగి,
"తర్వాత ఏం చేశారు?" అన్నాను.

"దిగాను. నడుముకి తాడు కట్టుకుని.
వాణ్ణి వీపుకి కట్టుకుని పైకొచ్చాను.
ఆ తర్వాత పూడ్చాను.
ఆదివారం ఆదివారం, మీరంతా చర్చిలోకి దిగే వేళకి,
పది బక్కెట్ల మట్టి.
నాలుగేళ్ళు పట్టింది."

మా ఊరి ఆరాధనలో
విశ్వాస ప్రమాణం గబగబా చదివేవాళ్ళం.
'దిగెను' అన్న మాట దగ్గర
ఎవరమూ ఆగిన గుర్తు లేదు.

గురువారం తెల్లవారుజామున పోయాడు.
"మారుమనస్సు పొందాడా?" పాస్టరు గారు అడిగారు.
తెలీదన్నాను.
చివరిదాకా చెయ్యి వదల్లేదన్నాను.
ఎవరు ఎవరి చెయ్యి వదల్లేదో
అది కూడా సరిగ్గా చెప్పలేనన్నాను.

ఈ ఆదివారం నేను చర్చికి దిగలేదు.
తెల్లమట్టి గుట్టల మధ్య కారు ఆపాను.
తలకిందులుగా పడుతున్న మనిషి బొమ్మతో బోర్డులు:
పరిగెత్తొద్దు. వెనక్కి నడవొద్దు.
అతను చెప్పిన తుప్పు లారీ పక్కనే
నేల చిన్న పళ్ళెమంత లోతుగా కుంగి ఉంది.
చీమలు దాటుతున్నాయి.

ప్రభువా, నువ్వు తెరిచి ఉంచిన గోతులెన్నో
నాకు తెలీదు. ఎందుకో అసలే తెలీదు.
వంగి చెవి పెట్టాను,
ఎక్కడన్నా బక్కెట్టు చప్పుడు వినిపిస్తుందేమోనని.
గాలి. దూరంగా ఎవరిదో జనరేటరు.

లేచి, కళ్ళు మూసుకుని,
పూడ్చిన చోట
ఒక్క అడుగు వెనక్కి వేశాను.