ఏడక్షరాల ఇంటిపేరు

మొన్న మొన్నటిదాకా
హవాసా సరస్సు కనిపించే ఆ మూడో అంతస్తు గదిలో
నల్లతెర ముందు కూర్చోగలిగినవాణ్ని నేనొక్కణ్నే.
ఒక చుక్క తప్పినా, ఒక ఖాళీ ఎక్కువైనా
మొహమ్మీదే తలుపేసే తెర అది.
దాని అలకలన్నీ నాకు కంఠతా.

అందుకే నా బల్ల ముందు వరస.
"దుకామో, ఈ ఫైలు కాస్త చూడవా."
"దుకామో, నా జన్యువులు లెక్కపెట్టి పెట్టవా."
కాఫీ కప్పుతో వచ్చి, నిలబడే అడిగేవాళ్లు.
రేపు చూద్దాం అనేవాణ్ని.
రేపొస్తే ఎల్లుండి అనేవాణ్ని.
నిజం చెప్పాలంటే
రోజుకి నాలుగు కప్పుల పరపతి నాది.

షిటాయె వచ్చింది ఆ వానాకాలం.
రెండేళ్లు వేసె తోటల్లో తిరిగి వచ్చిన పిల్ల.
వేసె అంటే అరటిలా కనిపించి పండివ్వని చెట్టు,
కాండమూ దుంపా కలిపి మా సిదామా వాళ్ల అన్నం.
దానికొచ్చే ఎండుతెగులు పేరెత్తాలంటే
ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు మా వైపు.

రెండ్రోజులు వరసలో నిలబడింది.
మూడోరోజు రాలేదు.

సముద్రాల అవతల ఎవరో
అన్నిటికీ మీటలు పెట్టి
ఒక పనిముట్టు ఊరికే వదిలారట.
ఫైలుని వేలితో లాక్కొచ్చి గడిలో పడేస్తే చాలట.
"పిల్లలాట" అన్నాను.
సాయంత్రం కరెంటు పోయేలోపు
ఆమె తెరమీద వంశవృక్షం విచ్చుకుంది,
విసనకర్రలా, గుండ్రంగా, ఏడు రంగుల్లో.
వర్కీ కుటుంబం, నూట పదమూడు మంది.
పోయినేడు అదే చెట్టుకి నాకు పదిహేను రోజులు పట్టింది.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

సెమినార్లో ప్రొఫెసర్ గమదా అడిగారు:
"ఇది నువ్వు చేశావా, మీట చేసిందా?"
గదంతా నవ్వింది. అందరికంటే ముందు నేను.

ఆమె కాసేపు కిటికీలోకి చూసింది.
"చెట్టు మీటే వేసింది సార్.
కానీ ఒకరు తక్కువయ్యారు."

ఈ కుటుంబానికి ఇంటిపేరు ఏడక్షరాలు.
అది ఒంటిమీద ఉన్నవాళ్లే చుట్టాలు.
తోక తెగి, ఆరో అక్షరం మారి
ఒకడు గుమ్మంలో ఆగిపోయాడు.
పనికిరానివాళ్లని మీట పక్కనపెట్టిన జాబితా
ఎవరూ తెరవని ఫైలు.
ఆమె తెరిచింది, చివరిదాకా చదివింది.
ఊరంతా ఎండిన తోటలో
ఎందుకో పచ్చగా మిగిలిన ఒక్క మొక్క ఉంది కదా,
దాని ఆకులో వీడు కాస్త గట్టిగా మాట్లాడుతున్నాడట.
"కారణం వాడేనని చెప్పను. ఇంకా తెలీదు" అంది.

తప్పు పట్టడానికే
ఆ రాత్రి నా నల్లతెరకి పని చెప్పాను.
పోయినేటి నా జాబితా బయటికి తీశాను.
వాడు అందులోనూ లేడు.
నా పక్కనపెట్టిన ఫైలూ ఉంది,
తయారైన తేదీ తప్ప
దాని మీద ఇంకెవరి వేలిముద్రా లేదు.

తర్వాతి వారం ఆమె వెంట తోటకి వెళ్లాను.
ఆకుకాడ కోసి చూపించింది.
పసుపుపచ్చని చీము నెమ్మదిగా ఊరింది.
పక్క మొక్క దగ్గరికి నేను కత్తి తీసుకెళ్తుంటే
చెయ్యి పట్టి ఆపింది.
"ముందు మంటలో కాల్చు. తెగులు కత్తెక్కి తిరుగుతుంది."
జన్యువుల పేర్లు రెండొందలు తెలిసినవాణ్ని,
నాకీ ముక్క తెలీదు.

ఇప్పుడు నా బల్ల ముందు వరస లేదు.
ఎవరి చెట్టు వాళ్లే వేసుకుంటున్నారు,
కొన్ని మరీ అందంగా, కొన్ని తప్పుగా.
కాఫీ నేనే కాచుకుంటున్నాను,
చేదు కొంచెం ఎక్కువవుతోంది.
అప్పుడప్పుడు షిటాయె కేకేస్తుంది,
ఫైలు పేరులో ఎక్కడో ఒక ఖాళీ దూరి
మీట మొరాయించిందని.
వెళ్తాను.
కుర్చీ చూపిస్తుంది.
ఫరవాలేదంటాను, నిలబడే చూస్తాను.