పళ్ళ లెక్క

నా కొత్త పుస్తకంలో తోడేలు
క్యారెట్ తింటుంది, కళ్ళద్దాలు పెట్టుకుంటుంది.
అవ్వ తలుపు తట్టి
"లోపలికి రావచ్చా" అని అడిగి మరీ వస్తుంది.
ఊరూరా చదివాను. పిల్లలు పడీ పడీ నవ్వారు.
బెర్లిన్‌లో ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని
"ఇక మావాడు రాత్రిళ్ళు జడుసుకోడు" అంది.

జర్మనీ తూర్పు కొసన బొగ్గు గనుల పక్క బడి.
పదకొండు మంది పిల్లలు, తడి బూట్ల వాసన,
గోడ మీద సోర్బు భాషలో వారాల పేర్లు.
మూడో పేజీ దగ్గర మెర్చిన్ చెయ్యెత్తాడు.
"మావి తొమ్మిది గొర్రెలు. ఫిబ్రవరిలో.
నాన్న టార్పాలిన్ కప్పాడు, నేను ఎత్తి చూశాను.
అది క్యారెట్ తినదు."

చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం.
నా దగ్గర జవాబు లేదు, నాలుగో పేజీ ఉంది.
తిప్పబోయాను.

"తోడేలుదేం తప్పు?" అంది కిటికీ పక్క లెయ్నా.
"ఆకలేస్తే తింటుంది, నిండితే పోతుంది.
మా అవ్వ ఊరిని తిన్నది వేరే."

వెనక బల్ల నుంచి ఎవరో
పాత కథలోలాగే సాగదీశారు:
"దానికంత పొడుగు మెడెందుకే?"
"చర్చి గంట అందాలి కదా."
"అంత పెద్ద నోరెందుకే?"
"రోజుకో వీధి పట్టాలి కదా."
"అన్నేసి పళ్ళెందుకే?"
లెయ్నా కాసేపు ఆగింది.
"లైటు వెలగాలి కదా"
అంది, నన్ను కాదు,
నా నెత్తిమీద ట్యూబులైటుని చూస్తూ.

ఆరంతస్తుల యంత్రమట, చక్రం చుట్టూ ఉక్కు బకెట్లట.
పెరట్లో ఆపిల్ చెట్టునీ వదల్లేదట.
సమాధుల్ని మాత్రం ముందే
పేర్లు రాసుకుని లారీల్లో తరలించారట.
అవ్వ ఉంది, పట్నంలో, మూడో అంతస్తులో.
లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ
"ఎవరది?" అంటుందట.

"మరి చివర్లో కడుపు కోస్తారుగా, రాళ్ళు నింపుతారుగా?"
అన్నాడు మెర్చిన్. వాడికి కథ కథలాగే ఉండాలి.
"నీళ్ళు నింపారు. ఇప్పుడది చెరువు.
వేసవిలో ఈతకు పోతాం.
నడిమధ్యన నేను కాళ్ళు కిందికి దించను,
అవ్వ ఇంటి కప్పు తగులుతుందేమోనని."
"అక్కడ కప్పేం లేదు. మొత్తం తవ్వేశారుగా."
"తెలుసు. అయినా దించను."

గంట కొట్టారు. పుస్తకం సగంలోనే ఉంది.
మెర్చిన్ సంతకం అడిగాడు,
తోడేలు బొమ్మ మీద వద్దని
చివరి ఖాళీ పేజీ చూపించాడు.

తిరుగు రైల్లో ముందు కళ్ళద్దాలు చెరిపేశాను.
తర్వాత క్యారెట్.
యంత్రం బొమ్మ వెయ్యబోతే
పళ్ళెన్నో తెలీక పెన్సిల్ ఆగిపోయింది.
బడికి ఉత్తరం రాశాను.

పద్దెనిమిది, అని లెయ్నా జవాబు.
కింద వంకర అక్షరాల్లో ఇంకెవరిదో రాత:
తోడేలుకి నలభై రెండు.
అవీ వెయ్యండి.