సూది మందు

నొప్పికే వేశాను.
మట్టపర్తి బుల్లెమ్మ గేదె
కాలు వాచి, పాకలో మూడ్రోజులుగా లేవక
నా తోలుసంచీ కేసి చూస్తుంటే
మెడ కండలో పదిహేను సీసీలు.
సాయంత్రానికి లేచి కుడితి తాగింది.
బుల్లెమ్మ నా సైకిలు బుట్టలో
చక్కెరకేళీ అత్తం ఒకటి పెట్టింది.

లేవనివి కూడా ఉండేవి.
వాటిని నేలపూడి దానియేలు
బండి మీద గౌతమి గట్టు దింపి
లంక చివరి దిబ్బకి తోలేవాడు.

దిబ్బ మీద అయిదు తాడిచెట్లు.
మట్టల మీద, ఆరేసిన నల్లగొడుగుల్లా, అవి.
తోలు వొలిచి దానియేలు పక్కకి తప్పుకోగానే
ముందొకటి దిగేది.
ఆ తర్వాత పైనున్న ఎండంతా రెక్కలై దిగేది.
అతను మూడో చుట్ట ముట్టించేలోగా
ఎముకలు మాత్రం మిగిలేవి
ఉతికి ఆరేసినంత తెల్లగా,
ఈగ వాలేందుకు కూడా ఏమీ లేకుండా.

ఎవరైనా వాటికి దణ్ణం పెట్టారా?
పొద్దున్నే కనబడితే ఉమ్మేశాం.
ఇంటి మీద వాలితే ఇల్లు పాడుపెట్టాం.
వడ్డీలకి తిప్పేవాణ్ణి ఆ పేరు పెట్టి తిట్టాం.
పిట్ట పోయింది. తిట్టు ఉంది.

ఒక వైశాఖంలో దానియేలు ఆసుపత్రికి వచ్చాడు,
వెంట గొడ్డూ గోదా లేకుండా.
“పిట్టలు మెడలు వేలాడేసేత్తన్నాయండి కాంపౌండరుగారూ,
తమరోసారొచ్చి చూడాలండి.”
నవ్వాను.
రాబందుకి ఏ రిజిస్టర్లో చీటీ రాయను దానియేలూ, అన్నాను.
వారానికి గోనెసంచితో వచ్చాడు.
అంత దూరం ఎండలో మోసుకొచ్చినందుకు
మొహమాటానికి కోశాను.
గుండె మీద, కార్జం మీద, మూత్రపిండాల మీద
సున్నం.
పెళ్ళికని ఎవరో లోపల వెల్ల వేసినట్టు.
చేతులు కడుక్కుని రాశాను:
కారణం తెలియదు.

నిజంగానే తెలియదు. అప్పటికి.

తెలిసిన రోజు అమలాపురంలో మీటింగు.
గేదెకి నొప్పి తీసిన మందు
గేదె చచ్చాక కూడా మాంసంలో మేలుకునే ఉంటుందని,
తిన్న పిట్టకి లోపలంతా సుద్ద కడుతుందని
ఓ కుర్ర డాక్టరు వరసగా చెప్పుకుపోయి
చివర్న సీసా పేరు చదివాడు.
ఫ్యాను చప్పుడొక్కటే గుర్తుంది.
తర్వాత టీ ఇచ్చారు. తాగాను.

నా బల్ల సొరుగులో ఇంకా పదకొండు సీసాలు.
పారబోశానని చెప్పాలనే ఉంది.
అయ్యేదాకా వాడాను.
గేదెలు ఏడ్చేవి, మరి.

దిబ్బ ఇప్పుడు రొయ్యల చెరువు.
చచ్చిన గొడ్డుని పంటకాలవలోకి దొర్లిస్తే
లాకుల దగ్గర ఉబ్బి
తలుపులకి తట్టుకుంటూ ఉంటుంది, రాత్రంతా.
కుక్కలు మందలయ్యాయి.
దానియేలు మనవణ్ణి ఒకటి పిక్క పట్టి లాగితే
పిల్లాడి జబ్బకి అయిదు సూదులు పడ్డాయి.
అవి మనుషుల ఆసుపత్రివి, నావి కావు.
నావి కావా?

నిన్న మనవరాలు అరుగు మీద
వాచకం కూడబలుక్కుంటోంది:
“రా... బందు.
ఎవర్ని రమ్మంటున్నారు తాతయ్యా?”
కళ్ళజోడు వెతుక్కుంటూ లోపలికెళ్ళాను.
కళ్ళకే ఉంది.

రాత్రిళ్ళు మోకాళ్ళు సలిపితే
అదే మందు, బిళ్ళగా.
మనుషులకి నిషేధం లేదు.
మంచినీళ్ళతో మింగి వాలుతాను.
అరగంటకల్లా నొప్పి పోతుంది.
ఎంత శుభ్రంగా పోతుందంటే
ఒంట్లో
ఎముకలొక్కటే మిగిలినట్టు.