ఎడమ మోచెయ్యి

ప్రాతో ఊళ్ళో తాకట్టు కొట్టువాళ్ళ పాత చిట్టాలో
ఆ పద్దు నా కంటబడింది.
ఎలుక కొరికిన అంచు, తుప్పు రంగు సిరా,
ఐదొందల ఏళ్ళ కిందటి గుమాస్తా తొందర:
"సింహం రంగు ఉన్ని గౌను ఒకటి. వాడినది.
ఎడమ చెయ్యి ఉన్నది, మోచేతి దగ్గర మాసిక.
కుడి చెయ్యి లేదు."
తాకట్టు పెట్టినామె పేరున్న చోట
చెమ్మ తగిలి ఒక మరక.

ఎర్సీలియాకి చదివి వినిపించాను.
లోకం విప్పి పారేసిన గుడ్డపీలికల్ని
మిల్లులో ముప్పైతొమ్మిదేళ్ళు
రంగుకొక గుట్టగా ఏరిన మనిషి.
కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో నలిపి
ఉన్నిలో కల్తీ ఎంతో చెబుతుంది.
"మళ్ళీ చదువు," అంది.
చదివాను.
"కుడతాను," అంది,
సాయంత్రానికి చిక్కుళ్ళు వండుతానన్నట్టు.

ఉన్ని దొరకడానికే ఏడాది పట్టింది.
వాల్‌నట్ తొక్కలు నానేసి, గుప్పెడు మంజిష్ఠ కలిపి
మొదటి కాగు దించితే కుక్క రంగు.
రెండోది ఇటుక.
"అసలు ఆ గుమాస్తా సింహాన్ని చూశాడా?"
చూసుండడు. చర్చి గోడ మీద బొమ్మని చూసుంటాడు.
ఇద్దరం బస్సెక్కి గోడలు చూడ్డానికి వెళ్ళాం.
ఒక సింహం పొట్ట దగ్గర పెచ్చులూడింది,
తోక మాత్రం ఇంకా ఎండలో ఉన్నట్టుంది.
మూడో కాగు ఆ తోక రంగు.

నార దారానికి తేనెమైనం పట్టించి
వీపు కుట్టంతా కుట్టాక విప్పేసింది.
"పొద్దంతా ఒకరింట్లో చాకిరీ చేసొచ్చి
రాత్రి కుట్టుకున్నది ఇంత తిన్నగా వస్తుందా?"
లైటార్పి, కొవ్వొత్తి దగ్గర
వంకరగా, నిజంగా, మళ్ళీ కుట్టింది.

మాసిక దగ్గర ఆగిపోయింది.
చిరగనిదే అతుకెలా వేస్తారు?
మ్యూజియం నుంచి వచ్చిన ఓర్సోలా
గరుకు కాగితంతో రుద్దితే పది నిమిషాలంది.
ఎర్సీలియా ఏమీ అనలేదు. కాఫీ కూడా ఇవ్వలేదు.

మర్నాటి నుంచి ఆ ఒక్క చెయ్యీ
స్వెట్టర్ మీద, భుజానికి తాడుతో ముడేసుకుని తిరిగింది.
బఠానీలు ఒలవడానికి, పేకాట క్లబ్బుకి,
పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా.
పిల్లలు నవ్వారు. మొదటి చలికాలం పోయింది.
నూగు పోయింది గాని పోగు తెగలేదు.
మంచి ఉన్ని తెచ్చి తప్పు చేశామంది.

రెండో మార్చిలో ఆఫీసుకి ఫోన్:
"చిరిగింది!"
మనవరాలు పుట్టిందన్నట్టే ఉంది గొంతు.
వెళ్ళేసరికి కిటికీ దగ్గర కూర్చుని
ఆ కన్నంలోంచి చిటికెన వేలు ఆడిస్తోంది.
"చూడు, ఎక్కడ పోయిందో.
తోమితే, పిసికితే, తుడిస్తే
ముందు పోయేది కుడి చెయ్యి.
ఇది పని చేస్తే అరిగింది కాదు."
మోచెయ్యి బల్ల మీద ఆనించి
అరచేతిలో చెంప పెట్టి చూపించింది.
"ఇలా కూర్చుంటే అరిగింది."

చాలాసేపు అలాగే ఉండిపోయింది.
నేను ఆమెని చూస్తున్నానో
మరకని చూస్తున్నానో తెలియలేదు.

మాసికకి అంచులో మిగిలిన గుడ్డే వాడింది.
ఎండ తగలనిది, ఒక పిసరు ముదురు.
సెప్టెంబరు ఊరేగింపుకి రెండు చేతులూ కావాలని
ఓర్సోలా ఉత్తరం రాసింది.
లేదని రాసి ఉంటే లేనట్టే కదా.
అయినా ఉండబట్టలేక అడిగాను,
ఆ కుడి చెయ్యి ఏమై ఉంటుందని.

"అది ఆమె సంగతి,"
అంది ఎర్సీలియా, పంటితో దారం కొరుకుతూ.