రెండు తోకలు

దుంపలు తవ్వే యంత్రానికి
రెండోసారి పన్ను విరిగాక గానీ
డౌవె మాకు ఫోన్ చెయ్యలేదు.

ఫ్రీస్‌లాండ్‌లో పొలం సముద్రం కంటే కింద ఉంటుంది.
మూడు నిలువుల లోతుకి దిగితే నీలి బంకమట్టి.
అది దేన్నీ కుళ్ళనివ్వదు,
అడిగినా తేలిగ్గా వదలదు.
క్రేను తొట్టి పైకి లేచేసరికి
ఎనభై ఏళ్ళ నాటి పెట్రోలు
ఇందాకే ఒలికినట్టు గుప్పుమంది.

ఆ తర్వాత పని పళ్ళు తోముకునే బ్రష్షుది.
ఆవుల కొట్టంలో, పసిబిడ్డల స్నానపు తొట్టెలో,
నేనూ వీబ్రెనూ ముక్క తర్వాత ముక్క కడుగుతాం.
అంట్లు తోమడమే,
కాకపోతే ఎవరు తిని లేచారో తెలీదు.

రివెట్ల మధ్య దూరం కొలుస్తాం.
ఆకుపచ్చ గోకితే పసుపు, పసుపు గోకితే రేకు.
తూటా గుల్ల అడుగున ఏడాది: నలభై మూడు.
తోలు చేతితొడుగు ఒకటి, ఎడమ చేతిది.
దాని లోపల మేం చూడం.
గుడ్డలో చుట్టి పక్కన పెట్టి
పోలీసులకి కబురు చేస్తాం.

బొటనవేలంత ఇత్తడి పలక మీద అంకెలు.
చివరిది మూడో ఎనిమిదో
వీబ్రెన్‌కి రెండు కళ్ళద్దాలు మార్చినా తేలలేదు.
సన్న కాగితం పరిచి పెన్సిలు రుద్దాను.
బూడిదరంగులోంచి
మెల్లగా ఎనిమిది లేచి కూర్చుంది.

ఇంజను ఒక్కటే. పద్దెనిమిది సిలిండర్లు, రెండు వరసలు.
తోకా ఒక్కటే.

సాయంత్రం సీట్‌స్కె వచ్చింది,
ఊరందరికీ బెప్పె,
ఇక్కడ అమ్మమ్మల్ని అలాగే పిలుస్తారు.
ఎనభై ఎనిమిదేళ్ళు. మనవరాలి బూట్లేసుకుని
బురదలో మా దాకా నడిచింది.
ఏడేళ్ళప్పుడు, పాలక్యాను మోస్తూ,
సముద్రపు కట్ట మీంచి చూసిందట:
రెండు ఇంజన్లు, రెండు తోకలు,
బట్టలారేసే కొయ్య గాలికి కొట్టుకుపోతున్నట్టు
వంకరగా కిందికి.
బళ్ళో ఆ బొమ్మే వేస్తే
పంతులమ్మ ఒక తోక రబ్బరుతో చెరిపేసిందట.

నేను పలక చూపించాను. కాగితం చూపించాను.
పంతులమ్మనే అయ్యాను.

ఆవిడకి కోపం రాలేదు.
ఇత్తడిని పైట కొంగుతో తుడిచినంత శ్రద్ధగా
కోటు చేతితో తుడిచింది.
"పేరు తెలిసిందా?"
ఇంకా లేదు. మూడు పేర్లు మిగిలాయి,
ఒకటి ఈ వారంలో తేలుతుంది.
"తేలితే చెప్పండి. ఇతనికీ పువ్వులు తెస్తాను."
కాసేపు గుంటలోకి చూసింది.
గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి.

"అయితే నాది
ఇంకా నేలకి దిగలేదన్నమాట."

ఆవులు నెమరేస్తున్నాయి. డౌవె దగ్గాడు.
నా గోళ్ళ కింద నీలి మట్టి.
ఏం అనాలో నాకు తోచలేదు.

వీబ్రెన్ మాత్రం తడి చేతులు ప్యాంటుకి రాసుకుని,
చెవి మీది పెన్సిలు తీసి,
"ఎటువైపు పోయింది, బెప్పె?" అన్నాడు.

చేతికర్ర లేచింది,
డౌవె పొలం దాటి, కట్ట దాటి,
నీళ్ళ వైపు.