కుడిచుట్టు, ఎడమచుట్టు

కలబంద జాతే, కానీ మలూటి కొండల మీద తప్ప
ఇంకెక్కడా ఇమడదు ఖరెత్స.
నల్లరాతి వాలు, తడి ఆరనివ్వని మబ్బు,
జూలైలో నడుందాకా మంచు –
ఇంత కష్టం ఉంటేనే దానికి సుఖం.

ఆకులు ఐదు వరసలుగా సుళ్ళు తిరుగుతాయి,
కొన్ని కుడికి, కొన్ని ఎడమకి.
ఎందుకలా అని అడిగితే మామొకెటె అవ్వ
నా తలమీద చెయ్యి వేసి
"నీ సుడి ఎందుకిటు తిరిగిందో
ముందది చెప్పరా" అనేది.

ఆ ఏడు నాకు పదకొండు.
నేను కాసే గొర్రెలు ముప్ఫయ్యారు, ఒక్కటీ నాది కాదు.
కనుమదారి మలుపులో తెల్లకారు ఆగింది.
అద్దం సగమే దించి, జత కావాలన్నాడొకాయన.
ఒకటి కుడిది, ఒకటి ఎడమది,
గేటుకి అటొకటీ ఇటొకటీ.
చెప్పులు బేరమాడినట్టు.
అరవై మలోటీలు, పైన ఒక చేపల డబ్బా.

గొర్రెల్ని సెఖోబెకి అప్పగించి
గడ్డపార పట్టుకుని పైకెక్కాను.
చాలా బలం కావాలనుకున్నాను.
అక్కర్లేకపోయింది.
అంత గాలిలో, అంత ఎత్తున
పిడికెడు వేళ్ళతో రాయిని నమ్ముకుని ఉంది.

దుప్పట్లో చుట్టి వీపున ఒకటి,
గాడిదమీద ఒకటి.
ఆ రాత్రి దుప్పటి నిండా మన్ను వాసన.
డబ్బా అడుగు నూనె కూడా
నేనూ సెఖోబే వేలితో తుడిచి నాకాం.

రెండు చలికాలాలు పోయాక
గనిలోంచి సెలవుకొచ్చిన మామ చెప్పాడు:
ఆ గేటు చూశాన్రా,
రెండు తొట్లూ ఉన్నాయి,
ఉల్లికాడలు ఏపుగా పెరిగాయి.

ఇప్పుడు వాటిని లెక్కపెట్టడమే నా ఉద్యోగం.
నోటుపుస్తకం, పెన్సిలు, సర్కారు గమ్‌బూట్లు.
ఈ వాలులో నూటపద్నాలుగు:
కుడివి యాభై తొమ్మిది, ఎడమవి యాభై అయిదు.
పూసినవి తొమ్మిదే.
ఎర్రమట్టి రంగు గొట్టాల్లోకి
వంకరముక్కు తేనెపిట్ట తల దూర్చి
నుదుట పసుపు పుప్పొడితో బయటికొస్తుంది,
నన్నొక రాయికింద జమకట్టి.

వాలు చివర రెండు గుంటలు.
ముప్ఫయ్యేళ్ళ వానలు పూడ్చేసినా
నా మడమకి తెలుస్తుంది.
పట్టికలో వాటికి గడి లేదు.

"ఇక్కడెందుకు ఆగుతారు ప్రతిసారీ?" అంది
కొత్తగా చేరిన పులెంగ్.

బూటు లేసు కట్టుకుందామని, అన్నాను.

గమ్‌బూట్లకి లేసులుండవు.
ఆ అమ్మాయి కిందికి చూసింది,
పెన్సిలు చెవి వెనక దోపుకుని
నాకోసం ఆగింది.