ఏకు

రాత్రి రెండు గంటలకి
ఆనందపేట మూడో లైన్లో
మా నాయన పరుపు చీలుస్తున్నాడు.

మొదటిసారి చూసినప్పుడు అరిచాను.
ఫోము పరుపు, పదకొండు వేలది,
నా షాపులోంచి నేనే తెచ్చి వేసింది.
గోళ్ళతో గుడ్డ చింపి
లోపలి పసుప్పచ్చ స్పాంజిని
తుంపులు తుంపులుగా గది నిండా పోశాడు.
"ఇందులో దూది లేదురా" అన్నాడు,
"ఎవడో మోసం చేశాడు పాపం నిన్ను."

కొత్తపేట డాక్టరు కాగితం మీద మెదడు బొమ్మ గీసి
అక్కడక్కడా పెన్నుతో కొట్టేసి చూపించాడు.
దూదేకులోడి కొడుకుని,
నాకు ఇంకోలా అర్థమైంది.
తాళంచెవి దగ్గరా, పాలవాడి లెక్క దగ్గరా
ఏకులా వచ్చిన మరుపు
మేకై కూర్చుంది.

అమ్మని అడుగుతాడు.
"కాశింబీ ఏదిరా, అన్నం వేళయింది."
నిజం చెప్పేవాణ్ణి. నిజం చెప్పడం నా గొప్ప.
"అమ్మ పోయి ఆరేళ్ళయింది నాయనా,
నువ్వే కదా మట్టి ఇచ్చింది."
ప్రతిసారీ అప్పుడే విన్నట్టు
గోడ పట్టుకుని కిందికి జారిపోయేవాడు.
ఒక్క వారంలో అమ్మని
తొమ్మిదిసార్లు చంపాను.

లెక్కపెట్టింది జరీనా, నా భార్య.
నన్నేమీ అనలేదు.
పదోసారి ఆయన అడిగినప్పుడు
చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుని
"అత్త గుత్తొంకాయ ఎలా చేసేది మామా?" అంది.
చింతపండు నానబెట్టడం దగ్గర మొదలుపెట్టి
నూనె పైకి తేలేదాకా చెప్పాడాయన.
చెప్పీ చెప్పీ, తిన్నవాడిలా నిద్రపోయాడు.
ఆ పూట మా ఇంట్లో
అబద్ధం ఎవరూ ఆడలేదు.

అన్ని పూటలూ అలా గడవవు.
స్నానానికి రమ్మంటే చెంబు విసిరాడొకసారి,
జరీనా కనుబొమ పక్కన గంటు ఇంకా ఉంది.
పెరట్లోకెళ్ళి ఏడ్చింది, ఆయన్నీ నన్నూ కలిపి తిట్టింది,
తిరిగొచ్చి బకెట్లో వేలు ముంచి చూసింది,
నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయేమోనని.
నేనా, షాపు మూసి కూడా ఇంటికి పోలేదు,
మూడొంతెనల దగ్గర
రెండు గూడ్సుబళ్ళు పోయేదాకా నిలబడ్డాను.

ఆ రాత్రే అనుకుంటా,
అరిచే ఓపిక లేక ఆయన ఎదురుగా చతికిలబడ్డాను.
అప్పుడు చూశాను ఆ వేళ్ళని.
చింపడం లేదవి. విడదీస్తున్నాయి.
లేని గింజని బొటనవేలితో నొక్కి ఏరి
మోకాలి పక్కన పోగు పెడుతున్నాయి.
పిచ్చి అనుకున్నాను ఇన్నాళ్ళూ.
పని.

ప్రత్తిపాడు రైతొకాయన గోతాం పత్తి తెచ్చాడు,
డబ్బు తీసుకోలేదు,
వాళ్ళింట్లో పెళ్ళిపరుపులన్నీ నాయన కుట్టినవేనట.
అటక మీది విల్లు దించాను.
నరం తెగి పదిహేనేళ్ళు.
బ్రాడీపేటలో రాకెట్లు అల్లే కుర్రాడు
నవ్వుకుంటూ కొత్తది బిగించి ఇచ్చాడు.

టంయ్. టంయ్.
పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు, మళ్ళీ మూసుకున్నారు.
నాయన కనురెప్పల మీద దూది వాలింది.
తల పక్కకి వంచి, తీగ మాట వింటూ,
చాలాసేపటికి నన్ను చూశాడు.
"ఏ ఊరు బాబూ మీది?"

నాగూర్ వలిని, నీ కొడుకుని, అనబోయాను.
పదో తరగతిలో విల్లు మోయనని
వీధిలోనే విసిరికొట్టి వెళ్ళిపోయినవాణ్ణి.
నాలుక దాకా వచ్చింది.
"ఇక్కడే అయ్యా. పని నేర్చుకుందామని వచ్చాను."

దగ్గరికి జరిగాడు.
నా చేతిమీద ఆయన చెయ్యి, బరువు లేదు, వెచ్చగా ఉంది.
"కొట్టకు. తాకు. అంతే.
మిగతాది తీగ చూసుకుంటుంది."
తప్పాను. మళ్ళీ పట్టి చూపించాడు.
మళ్ళీ తప్పాను. విసుక్కోలేదు.
నేను ఆయన్ని ఎన్నిసార్లు విసుక్కున్నానో!

తెల్లారగట్ల ఆవలిస్తూ బేరం తేల్చాడు.
"రోజుకి రూపాయిన్నర ఇస్తాను.
అన్నం మా ఇంట్లోనే.
కాశింబీ పెడుతుంది."

సరేనన్నాను.